‘బోర్’ అని రాసేముందు ఎక్కడ బోర్ కొట్టిందో రాయండి

సంపాదకులకు నమస్కారం.

వీడియో గేమ్‌ల సమీక్షలకు పత్రికల్లో ఇప్పుడు కాస్త చోటు దొరుకుతోంది. సంతోషం. కానీ ఒక తరహా గేమ్‌ల దగ్గరికి వచ్చేసరికి ఆ సమీక్షలు చేతులెత్తేస్తున్నాయి. తుపాకులు, స్కోర్లు, గెలుపోటములు లేని గేమ్‌ల గురించి చెబుతున్నాను. ఒక ఖాళీ ఇల్లో, దీవో, అడవో ఉంటుంది. అందులో తిరుగుతాం, కనిపించిన ఉత్తరం చదువుతాం, సొరుగు లాగి చూస్తాం, వినిపించిన మాట వింటాం. అక్కడ ఏం జరిగిందో ముక్కముక్కగా మనమే పోగేసుకుంటాం. వాకింగ్ సిమ్యులేటర్లనే పేరుతో ఇవి చలామణీ అవుతున్నాయి. వీటి మీద వచ్చే రాతలు రెండే రకాలు. ‘మనసును తాకే అనుభూతి’ అని ఒకరు రాస్తారు, ‘నడవడం తప్ప ఏమీ లేదు, బోర్’ అని ఇంకొకరు రాస్తారు. ఆడేవాళ్ళూ ఇలాగే రెండు వర్గాలుగా చీలిపోతారు. 2013లో గాన్ హోమ్ వచ్చినప్పుడు విమర్శకులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆడినవాళ్ళలో చాలామంది మాత్రం రెండు గంటల గేమ్‌కి 20 డాలర్లా అని మండిపడ్డారు. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషికి ఈ రెండు మాటల్లో ఏదీ పనికిరాదు.

ఆడినవాళ్ళ ఫిర్యాదులను ఓపిగ్గా, ఒక్కొక్కటీ విడదీసి చదివితే వేరే సంగతి బయటపడుతుంది. ‘నెమ్మదిగా ఉంది’ అన్న మాట వెనకాల చాలాసార్లు ఉండేది నెమ్మది కాదు. వెళ్ళిన దారినే మళ్ళీ నడవాల్సి రావడం, సేవ్ కాకపోవడం, ఎటు పోవాలో తెలియకపోవడం, మాట మధ్యలో తెగిపోవడం, తల తిరగడం. ఇవన్నీ పేరు పెట్టి చెప్పగలిగిన లోపాలు. కొన్నిటికి సెట్టింగ్స్‌లోనే మందు ఉంది, కొన్నిటిని తయారీదారులే తర్వాత దిద్దారు. సమీక్షకులు వీటిని విడివిడిగా రాయాలన్నదే నా విన్నపం. దేన్ని ఎలా గుర్తించాలో కింద రాస్తున్నాను.

ముందు నడక వేగం. మనిషి మామూలు నడక సెకనుకు సుమారు 1.4 మీటర్లు. అదే వేగాన్ని తెర మీద పెడితే పాకుతున్నట్టు అనిపిస్తుంది. పక్కచూపులో వెనక్కి జారిపోయే గోడలూ చెట్లూ తెర మీద ఉండవు, కాళ్ళకు నేల తగలదు, గాలి తగలదు. అందుకే చాలా గేమ్‌ల్లో ‘నడక’ అని పేరున్నది నిజానికి పరుగుకు దగ్గరగా ఉంటుంది. కథాప్రధాన గేమ్‌ల తయారీదారులు ఈ వేగాన్ని కావాలని తగ్గిస్తారు. చుట్టూ చూడనివ్వడం ఒక కారణం. ఇంకో కారణం, ఒక చోటి మాటలు పూర్తయ్యేలోపు మనం తర్వాతి చోటికి చేరిపోకూడదు. ఈ లెక్క తప్పినప్పుడే ఇబ్బంది.

2015లో ప్లేస్టేషన్ 4 (పీఎస్4) మీద వచ్చిన ఎవ్రీబడీస్ గాన్ టు ద ర్యాప్చర్ దీనికి మంచి ఉదాహరణ. 1984 నాటి ఒక ఇంగ్లీషు పల్లె, మనుషులంతా మాయమైపోయారు. ఊరు విశాలంగా ఉంటుంది, ఎటైనా వెళ్ళొచ్చు. నడక చాలా నిదానం. వేగం పెంచే బటన్ అసలు లేదనుకుని గేమ్ మొత్తం అలాగే నడిచినవాళ్ళు ఎందరో ఉన్నారు. నిజానికి ఉంది: కంట్రోలర్ మీది ఆర్2 బటన్ నొక్కి పట్టుకుంటే వేగం మెల్లమెల్లగా పెరుగుతుంది. నొక్కగానే తేడా తెలియదు కాబట్టి ఒకసారి నొక్కి చూసినవాళ్ళు కూడా అది పనిచేయదనుకుని వదిలేశారు. గేమ్‌లో ఎక్కడా స్పష్టంగా చెప్పలేదు. విడుదలయ్యాక తయారీదారులే బయటికొచ్చి వివరించాల్సి వచ్చింది. ఆ తరవాతి ఏడాది సంగీతానికీ, శబ్ద నిర్మాణానికీ, నటనకూ బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా పురస్కారాలు అందుకున్న గేమ్ ఇది. ఒక్క వాక్యం సూచన లేకపోవడంతో ఎంతోమంది దాన్ని సగంలోనే వదిలేశారు. ఇలాంటి గేమ్‌ని సమీక్షించేవాళ్ళు పరుగు బటన్ ఉందా, ఉంటే ఏది, నొక్కి పట్టుకోవాలా, ఒకసారి నొక్కితే చాలా అన్నది ఒక్క వాక్యంలో రాస్తే పాఠకుడికి అంతకు మించిన ఉపకారం లేదు.

అదే బృందం అంతకుముందు తెచ్చిన డియర్ ఎస్తర్‌లో పరుగూ లేదు, గెంతడమూ లేదు, తలుపు తీయడమూ లేదు. 2008లో ఇంకో గేమ్ ఇంజిన్ (గేమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) మీద కట్టిన ఉచిత మాడ్‌గా, అంటే ఉన్న గేమ్‌ని మార్చి చేసిన రూపంగా మొదలై, 2012లో కొత్తగా గీసిన దృశ్యాలతో అమ్మకానికి వచ్చింది. ఇందులో దారి చాలావరకు ముందుకే సాగుతుంది. దూరంగా ఒక స్తంభం మీద ఎర్ర దీపం మెరుస్తూ ఉంటుంది, దాన్ని చూసుకుంటూ పోతే చాలు. మ్యాపు లేకపోయినా దారి తప్పరు. కానీ పక్కకు చీలే కాలిబాటలు కొన్ని ఉన్నాయి. చివర ఏమీ లేని బాటలో రెండు నిమిషాలు వెళ్ళి, అదే నడకతో రెండు నిమిషాలు తిరిగి రావాలి. ఆడేవాళ్ళకు విసుగు పుట్టేది ఇక్కడ. ముందుకు పోతున్నప్పుడు ఎంత నెమ్మదైనా భరిస్తారు, చూసేసిన చోటి మీదుగా వెనక్కి రావాల్సినప్పుడు భరించరు. నేను పెట్టుకున్న కొలత చెబుతాను: ముందుకు కదులుతూ ఉండగా అర నిమిషం పాటు కొత్త దృశ్యం గానీ, కొత్త శబ్దం గానీ, కొత్త మాట గానీ లేకపోతే అది ఖాళీ. అలాంటి ఖాళీలు గేమ్‌లో ఎన్ని, ఏ భాగంలో ఎక్కువ అన్నది రాయండి. ‘స్లో’ అన్న మాటకన్నా అది వెయ్యి రెట్లు మేలు.

సేవ్ సంగతి ఇంతకంటే ముఖ్యం. పోరాటాల గేమ్‌లో సేవ్ పోతే పది నిమిషాల ఆట పోతుంది, మళ్ళీ ఆడితే ఆ పది నిమిషాలు వేరేగా ఉంటాయి. కథ కోసం తిరిగే గేమ్‌లో సేవ్ పోతే అవే ఉత్తరాలు, అవే సొరుగులు, అవే మాటలు. మొదటిసారి పుట్టిన ఉత్కంఠ రెండోసారి పుట్టదు. 2014 నాటి ద వ్యానిషింగ్ ఆఫ్ ఈథన్ కార్టర్‌లో సేవ్ చేసే బటన్ లేదు. ఒక చిక్కుముడి పూర్తిగా విప్పితేనే గేమ్ దానంతట అది సేవ్ అవుతుంది. ఆ గేమ్ అందమే తిరగడంలో ఉంది. రాళ్ళనూ గోడలనూ నిజమైన వాటి ఫొటోల నుంచి త్రీడీలోకి మార్చి కట్టిన లోయ అది. గంటసేపు లోయంతా చూసి, సగం సగం ఆధారాలు పట్టుకుని గేమ్ మూసేస్తే, మర్నాడు గంట వెనక్కి పోయి ఉంటాం. పైగా ఏదైనా కథాఘట్టం వదిలేసి చివరికి చేరితే, దానికోసం అంత దూరమూ వెనక్కి నడవాలి. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఏడాది తిరిగాక వచ్చిన రీడక్స్ అనే సవరించిన రూపంలో సేవ్ పద్ధతినీ, చివర్లో వెనక్కి నడవాల్సిన బాధనూ సరిచేశారు. కాబట్టి ‘ఈథన్ కార్టర్ విసిగిస్తుంది’ అని ఎవరైనా అంటే, మీరు ఆడింది ఏ రూపం అని అడగాలి. సమీక్షలో కూడా ఏ రూపం, ఏ ప్యాచ్ (తయారీదారు తర్వాత పంపే దిద్దుబాటు) దాకా వేసుకుని ఆడారో రాయాలి.

ఆడేవాళ్ళు కూడా ఒక పని చేయొచ్చు. కొత్త గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే, ఇంకా పెద్దగా పోగొట్టుకోవడానికేమీ లేనప్పుడే, ఒకసారి మెయిన్ మెనూకి వెళ్ళి చూడండి. చాలా గేమ్‌లు ఆఖరి సేవ్ ఎన్ని నిమిషాల క్రితం జరిగిందో అక్కడ చెబుతాయి. మళ్ళీ లోపలికి వెళ్ళి ఎక్కడ దింపిందో చూడండి. నిలబడిన చోటే దింపితే నిశ్చింత. గది మొదట్లో దింపితే ఫరవాలేదు. అధ్యాయం మొదట్లో దింపితే ఆ గేమ్‌ని ఒక్కో అధ్యాయం పూర్తిచేసేంత తీరిక ఉన్నప్పుడే తెరవాలి.

ఇక దారి. ‘ఎటు పోవాలో తెలియక వదిలేశాను’ అనేవాళ్ళను ఓపిక లేనివాళ్ళని కొట్టిపారేయడం ఈ గేమ్‌ల అభిమానుల్లో ఒక అలవాటుగా మారింది. అది సరికాదు. దారి చూపించడం తయారీదారుడి పని. బాణం గుర్తులు పెట్టకుండా చూపించడంలోనే అతని నేర్పు ఉంటుంది. గాన్ హోమ్ చూడండి. ఇల్లు పెద్దది, కానీ మొదట తెరుచుకునేవి కొన్ని గదులే. ఒక గదిలో దొరికిన సమాచారంతో ఇంకో తలుపు తెరుచుకుంటుంది. తిరిగిన గదులు మ్యాపులో నిండుతూ వస్తాయి, చూడనివి ఇట్టే తెలిసిపోతాయి. కథలో ఏ ముక్క ముందు, ఏది వెనక అన్న క్రమాన్ని ఆ తాళాలే కాపాడతాయి. ఆడేవాళ్ళకు మాత్రం తమంతట తామే కనిపెట్టినట్టు ఉంటుంది. ఆ గేమ్ మెనూలో తలుపులన్నీ మొదటే తెరిచి ఉంచే, దీపాలన్నీ వెలిగించి ఉంచే ఎంపికలు కూడా ఉన్నాయి. చీకటి ఇల్లంటే భయపడేవాళ్ళకు రెండోది బాగా పనికొస్తుంది. మొదటిదాన్ని తొలిసారి ఆడేవాళ్ళు ముట్టుకోకూడదు, కథ తలకిందులైపోతుంది.

ఫైర్‌వాచ్‌లో పద్ధతి వేరు. 1989, వ్యోమింగ్ అడవిలో మంటల కాపలాదారు ఉద్యోగం. చేతిలో కాగితం మ్యాపు, దిక్సూచి. మ్యాపు మీద ‘మీరిక్కడ’ అన్న చుక్కను సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు. తీసేస్తే వాగునూ కొండనూ చూసి ఎక్కడున్నామో పోల్చుకోవాలి. గేమ్ స్వభావమే మారిపోతుంది, ఆడే సమయమూ పెరుగుతుంది. ఇద్దరు ఈ గేమ్ గురించి రెండు రకాలుగా చెబితే, ఆ చుక్క ఉంచి ఆడారా, తీసేసి ఆడారా అని ముందు అడగాలి.

అవుటర్ వైల్డ్స్ ఇంకా కష్టమైన ప్రశ్నకు జవాబు వెతికింది. 2019లో వచ్చిన ఈ గేమ్‌లో చిన్న సౌరమండలం మొత్తం మొదటి నుంచీ తెరిచే ఉంటుంది. ఏ గ్రహానికైనా వెళ్ళొచ్చు. కానీ 22 నిమిషాలకోసారి అంతా మొదటికి వస్తుంది. మనకు మిగిలేది తెలుసుకున్న సంగతే. ‘గడియారం తరుముతుంటే తీరిగ్గా ఎలా చదవాలి’ అన్నది చాలామంది ఆక్షేపణ. అది న్యాయమైనదే. సెట్టింగ్స్‌లో, పాత రాతలు చదువుతున్నప్పుడూ ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడూ కాలం ఆగేలా పెట్టుకునే వీలుంది. మొదటి నిమిషంలోనే అది పెట్టుకోవాలి. ఎటు పోవాలన్న దానికి మన నౌకలోని లాగ్ ఉంది. కనుగొన్న ప్రతి సంగతీ అందులో దారాలతో కలిసి కనిపిస్తుంది. ఒక చోట ఇంకా చూడాల్సింది మిగిలి ఉంటే ఆ మాట అక్కడే రాసి ఉంటుంది. ఈ లాగ్ తెరవకుండా పది గంటలు తిరిగి, గమ్యం లేని గేమ్ అని రాసినవాళ్ళ అభిప్రాయాన్ని తప్పు పట్టను. కానీ లాగ్ తెరిచారా అన్నది సమీక్షలో ఉండాలి.

మాటలు తెగిపోవడం గురించి తక్కువమంది రాస్తారు, బాధపడేవాళ్ళు మాత్రం ఎక్కువ. ఈ గేమ్‌ల్లో నేల మీద కనిపించని గీతలు గీసి ఉంటాయి. గీత దాటగానే ఒక గొంతు మొదలవుతుంది. మొదటి గొంతు పూర్తికాకముందే రెండో గీత దాటితే ఏం జరగాలో తయారీదారుడు ముందే తేల్చుకోవాలి. మొదటిది ఆగిపోవచ్చు, రెండోది వరసలో వేచి ఉండొచ్చు, రెండూ కలిసి మోగొచ్చు. మూడోది జరిగితే అది పచ్చి లోపం. మొదటిది జరిగితే కథలో ఒక ముక్క ఎప్పటికీ వినిపించకపోవచ్చు. 2016 నాటి ఆక్సన్‌ఫ్రీలో స్నేహితులు నడుస్తూనే మాట్లాడుకుంటారు. మన జవాబులు తల మీద బుడగల్లా వచ్చి కాసేపటికి చెరిగిపోతాయి. త్వరగా నొక్కితే ఎదుటివాళ్ళ మాటకు అడ్డు తగులుతాం, ఆలస్యమైతే మౌనంగా ఉండిపోయినట్టు. ఫైర్‌వాచ్ రేడియోలోనూ అంతే, జవాబు చెప్పకపోవడం కూడా ఒక జవాబే. దీన్ని లోపమనుకున్నవాళ్ళూ ఉన్నారు, గేమ్ మొత్తంలో బాగా నచ్చింది ఇదేనన్నవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషు రెండో భాషగా ఉన్నవాళ్ళకు మాత్రం ఇది నిజంగా కష్టం. చదివేలోపు బుడగ మాయమవుతుంది. వాళ్ళ కోసమైనా సబ్‌టైటిల్స్ అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చా, మాట్లాడుతున్నది ఎవరో పేరు పడుతుందా, చేతిరాత ఉత్తరాలను అచ్చు అక్షరాల్లో చూసే బటన్ ఉందా అన్నవి రాయాలి. గొలుసుకట్టు ఇంగ్లీషు రాతను మసక వెలుతురులో చదవలేక కథ సగం పోగొట్టుకున్న వాళ్ళు తమ ఇంగ్లీషే చాలదనుకుని ఊరుకుంటారు. అసలు లోపం ఆ బటన్ పెట్టకపోవడంలో ఉంది.

తల తిరగడం గురించి కాస్త వివరంగా రాయాలి. కడుపులో తిప్పుతుంటే ఎంత గొప్ప కథైనా బోరే. కళ్ళు ‘కదులుతున్నాం’ అంటాయి, లోపలి చెవి ‘లేదు, కూర్చునే ఉన్నాం’ అంటుంది. ఈ పొంతన లేనితనమే వికారానికి మూలం. మన కళ్ళతో చూసినట్టు ఉండే నిదానపు గేమ్‌ల్లో ఇది ఎక్కువ. ఇరుకు గదుల్లో అటూ ఇటూ తిరుగుతూ వస్తువులను దగ్గరగా చూస్తూ ఉంటాం మరి. దీనికి చేయాల్సినవి వరసగా ఇవి. మొదట, నడిచేటప్పుడు కెమెరా పైకీ కిందికీ ఊగే ‘హెడ్ బాబ్’ ఆపేయండి. రెండు, కదిలేటప్పుడు దృశ్యాన్ని మసకబార్చే ‘మోషన్ బ్లర్’ ఆపేయండి. మూడు, చూపు వెడల్పు, అంటే ‘ఫీల్డ్ ఆఫ్ వ్యూ’ పెంచండి. దూరంగా ఉన్న టీవీ కోసం కట్టిన గేమ్‌లు దీన్ని ఇరుకుగా పెడతాయి. టేబుల్ మీద, చేతి దూరంలో ఉన్న మానిటర్‌కి అడ్డంగా 90 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఒక్కోసారి 5 చొప్పున మార్చి చూసుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. కొన్ని గేమ్‌లు అడ్డం కొలత చూపిస్తాయి, కొన్ని నిలువు కొలత చూపిస్తాయి. 16:9 తెర మీద నిలువున 60 అంటే అడ్డంగా దాదాపు 91. మెనూలో 60 కనిపించిందని కంగారుపడి 90కి పెంచితే, అది నిలువు కొలతైతే అంచులన్నీ సాగిపోయి వికారం ఇంకా పెరుగుతుంది. అంకెను చూడకండి, తలుపు చట్రం తెర అంచు దగ్గర సాగినట్టు కనిపిస్తోందా చూడండి. సాగితే తగ్గించాలి.

నాలుగు, ‘ఫ్రేమ్ రేటు’ (సెకనుకు తెర మీద పడే బొమ్మల సంఖ్య) నిలకడ. 60కీ 40కీ మధ్య ఊగిసలాడటం కన్నా, గ్రాఫిక్స్ కొంచెం తగ్గించి ఒకే చోట నిలపడం మేలు. ఫైర్‌వాచ్ విడుదలైన కొత్తలో పీఎస్4 మీద ఇలాగే తడబడింది. అడవి ఎక్కడా లోడింగ్ తెర లేకుండా సాగుతుంది కాబట్టి, నడుస్తుండగానే ముందున్న భాగాన్ని తెచ్చిపెట్టుకోవాలి. ఆ బరువు ఫ్రేముల మీద పడింది. తర్వాత ప్యాచ్‌లు వచ్చాయి. అయిదు, తెర నడుమ చిన్న చుక్క పెట్టుకునే ఎంపిక ఉంటే పెట్టుకోండి. కంటికి కదలని ఆనవాలు ఒకటి దొరుకుతుంది. 2008లో వచ్చిన మిర్రర్స్ ఎడ్జ్‌లో మధ్య చుక్క పెట్టింది ఇందుకే. ఇవన్నీ చేశాక కూడా చెమటలు పడితే ఆపేయడమే మంచిది. పంటి బిగువున భరిస్తే తగ్గేది కాదు, మిగతా రోజంతా పాడవుతుంది. ఇన్ని సెట్టింగ్స్‌లో ఏవి ఉన్నాయో, ఏవి లేవో సమీక్షకుడికి రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఆ రెండు నిమిషాలు పెట్టమనే అడుగుతున్నాను.

‘చేయడానికేమీ లేదు’ అన్న మాటకు వస్తాను. కొన్ని గేమ్‌ల విషయంలో ఇది అక్షరాలా నిజం, ఒప్పుకోవాలి. ప్రతి గదిలోనూ ఒక డైరీ కాగితం, మనిషన్నవాడు ఎవడూ అలా రాసి అలా పారేయడు. పది తలుపుల్లో రెండే తెరుచుకుంటాయి. అలమరలో అవే ఆరు పుస్తకాలు, పక్కింట్లోనూ అవే ఆరు. నిదానంగా చూడమని చెప్పిన గేమ్‌లో చూడటానికి పెట్టినవి ఇంత బద్ధకంగా ఉంటే ఆడేవాళ్ళు పట్టేస్తారు. తుపాకీ గేమ్‌లో ఎవరూ పుస్తకాల అట్టలు చూడరు, ఇక్కడ చూస్తారు. ఇలాంటి గేమ్‌లను సమీక్షకులు మొహమాటం లేకుండా ఎండగట్టాలి.

కానీ చేతులకు పని ఇవ్వడమంటే కొట్లాట పెట్టడమే కాదు. 2017లో వచ్చి, ఉత్తమ గేమ్‌గా బాఫ్టా అందుకున్న వాట్ రిమైన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్‌లో చేపల కర్మాగారం ఘట్టం ఒకటుంది. కంట్రోలర్‌లో కుడి పుల్లతో చేపను అందుకోవాలి, కత్తి కిందికి జరపాలి, తల తెగాక పక్కనున్న పట్టీ మీదికి విసరాలి. మళ్ళీ ఇంకో చేప. ఈ పని ఆగదు. అదే సమయంలో అక్కడ పనిచేసే కుర్రాడి ఊహాలోకం తెర మీద ఒక మూల మొదలవుతుంది. అందులో నడిచే బొమ్మను ఎడమ పుల్లతో నడిపించాలి. మొదట చిన్న చిక్కుదారి, తర్వాత వీధి, తర్వాత నగరం. ఊహ పెరిగి పెరిగి తెరను ఆక్రమిస్తుంది, చేపలు దాని వెనక్కి పోతాయి. అయినా కుడి చెయ్యి తనంతట తాను ఆ పని చేస్తూనే ఉంటుంది. కాసేపటికి ఆ విషయం మన చేతికే తెలుస్తుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. మనసు ఎక్కడో ఉండి చేతులు ఎక్కడో పనిచేయడం అంటే ఏమిటో వేళ్ళకు నేర్పిన ఘట్టం అది. అక్కడ గెలుపూ లేదు, ఓటమీ లేదు. దీన్ని చూసి ‘గేమ్‌ప్లే లేదు’ అని రాయడం అన్యాయం. మౌస్, కీబోర్డుతో కూడా ఆడొచ్చు గానీ, రెండు చేతులకూ ఒకే రకం పుల్లలున్న కంట్రోలర్ మీదే ఆ ఘట్టం పూర్తిగా పలుకుతుంది. ఆ సంగతి సమీక్షలో ఉండాలి.

2021 నాటి బిఫోర్ యువర్ ఐస్ ఇంకో అడుగు ముందుకేసింది. వెబ్‌క్యామ్ మన కళ్ళను చూస్తుంది, రెప్ప వేస్తే కథలో కాలం ముందుకు దూకుతుంది. చూస్తున్న దృశ్యం ఇంకాసేపు ఉండాలంటే కళ్ళు మండినా రెప్ప వేయకూడదు. ఆలోచన గొప్పది, కానీ అమరిక సరిగా లేకపోతే అంతా చెడుతుంది. వెలుతురు ముఖం మీద ముందు నుంచి పడాలి, వెనక కిటికీ ఉండకూడదు. కళ్ళద్దాల మీద తెర వెలుగు మెరిస్తే కెమెరా తప్పుగా లెక్కపెడుతుంది, తెరను కొంచెం కిందికి వంచి చూడాలి. మొదట్లో అడిగే అమరికను తొందరపడి దాటేయకూడదు. రెప్పపాటు పట్టకపోతే మౌస్ నొక్కుతో ఆడొచ్చు, కాకపోతే సగం ప్రాణం పోతుంది.

గంటకు ఎంత ఖర్చన్న లెక్క మీద ఒక మాట. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో గేమ్ కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. కొనేవాళ్ళకు ఇది మంచి రక్షణే, పోవాలని నేను అనను. కానీ ఈ తరహాలో ఎన్నో గేమ్‌లు మొత్తంగానే గంటన్నర, రెండు గంటలు. పూర్తిగా చూసేసి, మెచ్చుకుని మరీ డబ్బు వెనక్కి తీసుకునే వీలుంది. 2021లో ఎమికా గేమ్స్ అనే చిన్న తయారీదారు, తన గేమ్ నిడివి 2 గంటల లోపే కావడంతో వాపసులు పెరిగి ఇక గేమ్‌లు కట్టలేనని ప్రకటించాడు. దీని ఫలితం గేమ్‌ల మీదే పడుతుంది. 2 గంటలు దాటించడానికి నడక తగ్గిస్తారు, దారి పొడిగిస్తారు, వెనక్కి నడిపిస్తారు. మొదట చెప్పిన ఖాళీలు ఇలాగే పుడతాయి. ‘ఇంత చిన్నదా’ అని నిడివి మీద విరుచుకుపడే సమీక్ష, తెలియకుండానే ఆ ఖాళీలను అడిగి తెచ్చుకుంటోంది. నిడివి రాయండి, తప్పకుండా రాయండి. దాంతోపాటు ఆ నిడివిలో నడకకు ఎంత పోయింది, కథకు ఎంత దక్కింది అన్నదీ రాయండి.

మళ్ళీ ఆడితే ఏం మారుతుందన్నది కూడా కొనేవాళ్ళకు కావాలి. డియర్ ఎస్తర్‌లో వినిపించే ఉత్తరాల ముక్కలు ప్రతిసారీ ఒకేలా రావు, కొన్నింటిని గేమ్ అప్పటికప్పుడు ఎంచుకుంటుంది. కాబట్టి ఇద్దరు ఒకే దీవి నడిచి రెండు వేర్వేరు కథలు విని ఉండొచ్చు. అవుటర్ వైల్డ్స్ తీరు దీనికి పూర్తిగా ఎదురు. ఒకసారి తెలిసిపోతే తెలిసిపోయినట్టే. దాని సమీక్షలో ఒక్క వాక్యం ఎక్కువ రాసినా ఆడబోయేవాళ్ళ గేమ్‌ని దొంగిలించినట్టే. ఎవరు చనిపోయారు, ఎవరు అబద్ధం చెప్పారు, చివరి తలుపు వెనక ఏముంది అన్నవి శీర్షికలోనో, ఫొటో కింద వాక్యంలోనో వేసేయడం పత్రికల్లో మామూలైపోయింది. కథే సరుకైన గేమ్‌లో ఆ సరుకును పత్రికే పంచిపెట్టడం కొనేవాళ్ళకూ నష్టం, కట్టినవాళ్ళకూ నష్టం.

దాచకూడనిది మాత్రం ఒకటుంది. ఈ గేమ్‌ల్లో ఎక్కువ భాగం చావు, ఆత్మహత్య, జబ్బు, విడిపోవడం చుట్టూ తిరుగుతాయి. ఈడిత్ ఫించ్‌లో పిల్లల మరణాలు ఉన్నాయి, వాటిని మన చేతులతో ఆడాల్సి వస్తుంది. ఈ మధ్యనే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు, పసిపిల్లల తల్లిదండ్రులు ముందు తెలుసుకుని ఆడాలి. ఎవరు, ఎలా అని చెప్పకుండానే ‘పిల్లల మరణాలున్నాయి’ అని రెండు ముక్కల్లో హెచ్చరించొచ్చు. తుపాకీ గేమ్ సమీక్షల్లో రక్తపాతం గురించి హెచ్చరించే పత్రికలు, రక్తం చుక్క కనిపించని ఈ గేమ్‌ల విషయంలో ఆ పని మరిచిపోతున్నాయి. పై వివరాలన్నిటికీ చోటు లేకపోయినా, ఈ హెచ్చరిక, సేవ్ పద్ధతి, తల తిరగకుండా ఉండే సెట్టింగ్స్, ఈ మూడింటికి సమీక్ష కింద నాలుగు లైన్లు కేటాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు